శివగామి లెక్క

27 అక్టోబరు 2025, సోమవారం
ఉక్కునగరం

మొంథా తుపాను హెచ్చరికతో కాలేజీకి సెలవిచ్చారు. పొద్దున్నుంచీ ఒకటే ముసురు. నాన్న మాత్రం రెయిన్‌కోటు తొడుక్కుని స్టీల్ ప్లాంటులో ‘ఏ’ షిఫ్ట్‌కి వెళ్లిపోయారు. బ్లాస్ట్ ఫర్నేస్‌కి తుపాను సెలవులుండవు.

శుక్రవారం బాహుబలి మళ్లీ వస్తోంది. రెండు భాగాలూ కలిపి ఒకే సినిమాగా, ‘బాహుబలి: ది ఎపిక్’ అని. మొదటి భాగం 2015 జులై 10న వచ్చినప్పుడు నేను ఆరో తరగతి. రెండోది 2017 ఏప్రిల్ 28న వచ్చేనాటికి ఏడో తరగతి పరీక్షలు రాసేసి వేసవి సెలవుల్లో ఉన్నాను. ఈ రెండింటి మధ్యా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో తేల్చడమే మా స్కూలు బస్సులో పిల్లలందరి పని. వెనక సీట్లో కూర్చున్న పెద్దపిల్లలు ఏదో కారణం చెప్పేవాళ్లు. మేం ఇంటికొచ్చి దాన్ని ఇంకాస్త పెంచి చెప్పేవాళ్లం.

2017లోనే ‘బాహుబలి: ది గేమ్’ కూడా వచ్చింది. బెంగళూరులోని మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ చేసింది. తీన్ పత్తీ గోల్డ్ గేమ్ కూడా వాళ్లదే. ఫార్మ్‌విల్ చేసిన మార్క్ స్కాగ్స్ అప్పట్లో ఆ కంపెనీలో ఉన్నారు. నాన్న ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన ఫోను నా దగ్గరే. సినిమాలోని మాహిష్మతి రాజ్యం తరఫున కోట కట్టుకోవాలి, సైన్యాన్ని తయారు చేసుకోవాలి, కాలకేయుల్ని ఎదుర్కోవాలి. ప్రభాస్‌లా జలపాతం ఎక్కడం లేదేమిటని తమ్ముడు అలిగాడు. నాకు మాత్రం అదే నచ్చింది. సినిమాలో మాహిష్మతి ఎప్పుడు చూసినా కట్టేసి ఉంటుంది. గేమ్‌లో నేను కట్టాలి. ఒక గోడ ఎక్కడ పెడితే ఏ వైపు కాపాడుతుందో ఆలోచిస్తూ ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ గడిపేశాను.

నేను గేములు చేసే దారిలోకి వచ్చింది ఆ ఫోను తెరలోంచే.

28 అక్టోబరు, మంగళవారం, రాత్రి

కరెంటు పోయింది. గాలి హోరుకి కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. తుపాను నరసాపురం వైపు తీరం దాటుతుందని రేడియోలో చెబుతున్నారు. ఛార్జింగ్ లైటు పెట్టుకుని రాస్తున్నాను.

ఫైనలియర్ ప్రాజెక్టుకి మేమిద్దరం, నేనూ నా స్నేహితురాలూ, ఒక చిన్న గేమ్ చేద్దామనుకున్నాం. మొత్తం బాహుబలి మా వల్ల కాదు. మొదటి భాగంలోని కాలకేయ యుద్ధంలో ఒకే ఒక్క ఘట్టం తీసుకున్నాం. అది ఎందుకో ఇక్కడ పూర్తిగా రాసుకోవాలి. రేపు గైడ్ సారు అడిగితే చెప్పగలగాలి.

మాహిష్మతి మీదకి వచ్చిన కాలకేయులు లక్షమంది. మాహిష్మతి సైన్యం అందులో పావు వంతు. బాహుబలి, భల్లాలదేవుడు ఇద్దరిలో కాలకేయ రాజు తల తెచ్చినవాడికి సింహాసనం. పోటీ నియమం అంత సూటిగా ఉంది. బిజ్జలదేవుడు మంచి యంత్రాలన్నీ తన కొడుకు భల్లాలదేవుడికి కట్టబెడతాడు. బాహుబలి ఉన్నదానితోనే ఉపాయం పన్నుతాడు. నూనెలో తడిపిన పెద్ద పెద్ద గుడ్డల్ని శత్రువుల మీదకి ఎగరేసి నిప్పంటిస్తాడు. చిన్నప్పుడు మేం దుప్పటితో ఆడిన ఆట అదే.

అసలు విషయం తర్వాత వస్తుంది. కాలకేయులు పట్టుకున్న మాహిష్మతి ప్రజల్ని తాళ్లతో కట్టి తమ ముందు నిలబెడతారు. కాలకేయ రాజుని చేరాలంటే వాళ్లని దాటాలి. భల్లాలదేవుడు కత్తుల రథాన్ని వాళ్ల మీదుగానే పోనిస్తాడు. బాహుబలి గుండ్లు కట్టిన తాళ్లు విసిరి, బందీలు కింద పడేలా చేసి, వాళ్ల మీదుగా వెనకనున్న శత్రువుని కొడతాడు. దానికి సమయం పడుతుంది. చివరికి కాలకేయ రాజుని చంపేది భల్లాలుడే. నియమం ప్రకారం గెలిచింది అతనే. భల్లాలుడి తల్లి శివగామి మాత్రం, ప్రజల్ని కాపాడినందుకు, సింహాసనం బాహుబలికి ఇస్తుంది.

పదకొండేళ్లప్పుడు మా హీరో గెలిచాడని చప్పట్లు కొట్టాను. ఇప్పుడు గేమ్ చేసే మనిషిగా చూస్తే వేరే సంగతి కనబడుతోంది. లక్ష్యం పూర్తి చేసినవాడు ఓడిపోయాడు. న్యాయనిర్ణేత లెక్కపెట్టింది వేరే అంకె. నాకు తెలిసిన ఏ యుద్ధపు గేమ్‌ని ఈ కథలో పెట్టినా భల్లాలుడినే గెలిపిస్తుంది. శివగామిలా లెక్కపెట్టే గేమ్ చెయ్యాలి.

31 అక్టోబరు, శుక్రవారం

చూసి వచ్చాం. అమ్మ, తమ్ముడు, నేను. గాజువాకలో ఆటో దిగేసరికే థియేటరు ముందు కాగితాలు ఎగురుతున్నాయి.

3 గంటల 45 నిమిషాల దాకా ఉంది. రెండు సినిమాల్లోంచి చాలా తీసేశారు. ‘పచ్చబొట్టేసిన’ లేదు, ‘మనోహరి’ లేదు, అమ్మకి ఇష్టమైన ‘కన్నా నిదురించరా’ కూడా లేదు. అవంతిక కథ బాగా తగ్గిపోయింది. అమ్మ ఇంటికొచ్చేదాకా ఆ పాట గురించే. నేను మాత్రం ఎడిటింగ్ నుంచి నేర్చుకుంటూ చూశాను. సినిమాలో కథ తీసివేతతో చిక్కబడుతుంది. కెమెరా చూపించని వైపు గోడకి రంగు వెయ్యకపోయినా ఎవరికీ తెలియదు. గేమ్‌లో ఆడేవాళ్లు ఆ గోడ వెనక్కే ముందు వెళ్తారు. దర్శకుడు రాజమౌళి చూపించని సందుల్లో ఎవరున్నారు, పొయ్యి మీద ఏముంది, బావి ఎక్కడుంది, అవన్నీ మేం కట్టాలి.

కుంతల రాకుమారి దేవసేనకి బాహుబలి బాణాలు వెయ్యడం నేర్పే చోటు ఈసారి మళ్లీ మళ్లీ మనసులో తిరిగింది. కుంతల కోటలో శత్రువులు లోపలికొచ్చేశారు, తప్పించుకోడానికి దారి లేదు. అప్పుడు ఆ వరండాలో నడుస్తూ, ఒకేసారి ఎక్కువ బాణాలు ఎలా పట్టుకోవాలో వేళ్లతో చూపిస్తాడు. ఆమె చేస్తుంది. తర్వాత ఇద్దరూ ఒకే లయలో వేస్తారు. గేముల్లో ట్యుటోరియల్ అంటే మూలన డబ్బాలో నాలుగు వాక్యాలు పెడతారు. ఇక్కడ నేర్పడం, ప్రేమించడం, ప్రాణం కాపాడుకోవడం ఒకే నిమిషంలో అయిపోయాయి. మా గేమ్‌లో తాడు విసరడం ఇలా పక్కనున్న మనిషే నేర్పాలి.

బందీల ఘట్టం దగ్గర హాల్లో ఈలలు ఆగిపోయాయి. ఇంకో సంగతి అప్పుడే తట్టింది. కాలకేయులకి ఒక భాష ఉంది. మదన్ కార్కీ వాళ్ల కోసం వందల మాటలతో, వ్యాకరణంతో కిలికి తయారు చేశారు. కానీ ఆ తాళ్లలో ఉన్న మనవాళ్లలో ఒక్కరి పేరూ మనకి తెలియదు. మా గేమ్‌లో వాళ్లకి పేర్లుండాలి.

2 నవంబరు, ఆదివారం

నాన్నకి ఆఫ్. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ప్రాజెక్టు గురించి చెప్పాను. ఆయనకి గేముల భాష తెలియదు కాబట్టి స్కోరు అంటే ఏమిటో ముందు చెప్పాల్సి వచ్చింది. విని, కాసేపు ఊరుకుని, “మాకు రెండు బోర్డులుంటాయే అమ్మలూ” అన్నారు.

ఒకటి ప్రొడక్షన్ బోర్డు. ఎన్ని టన్నుల హాట్ మెటల్ వచ్చింది అని. రెండోది సేఫ్టీ బోర్డు. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయి అని.

“మొదటి బోర్డులో అంకె పెరిగితే అందరికీ సంబరమే. రెండో బోర్డు సున్నాకొచ్చిందనుకో, ఆ రోజు మొదటి బోర్డు ఏటుందో ఎవడూ సూడడు.”

ఆ మాట అలాగే రాసుకున్నాను.

నాన్న పని నేను చిన్నప్పుడు ఒకసారి దగ్గర నుంచి చూశాను. ఇక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. కాస్ట్ హౌస్‌లో దూరంగా గీత గీసి, దాని వెనకే నిలబెట్టారు. డ్రిల్లు ట్యాప్ హోల్‌లోకి దిగుతున్నంతసేపూ చెవులు గింగురుమన్నాయి. ఉన్నట్టుండి నిప్పురవ్వల గుత్తి ఒకటి బయటికి చిమ్మింది, దాని వెనకే ఇనుము. ఎర్రగా ఉంటుందనుకున్నాను. ఎరుపు కాదు, కళ్లు నిలవని తెలుపు, అంచుల్లో మాత్రం పసుపు. ఇసుక పరిచిన కాలవ వెంట నీళ్లంత తేలిగ్గా పారింది. పైన తేలే స్లాగ్ ఒక పక్కకి, ఇనుము ఒక పక్కకి చీలిపోయాయి. అయిపోయాక మడ్ గన్ వచ్చి మట్టితో ఆ రంధ్రం మూసేసింది. నాన్న ముఖం కవచం వెనక కనబడలేదు, ఆ అద్దం మీద వెలుగు మాత్రమే కదిలింది.

మంటకి రంగు వేసేటప్పుడు ఈ తెలుపే వాడతాను. మాహిష్మతి కత్తులు ఎవరో ఒకరు ఇలాంటి వేడి ముందు నిలబడి సాగగొట్టే ఉంటారు.

8 నవంబరు, శనివారం

ల్యాబులో సాయంత్రం దాకా వాదన. నా స్నేహితురాలిది ప్రోగ్రామింగ్, నాది బొమ్మలూ డిజైనూ. తెర పైన ఎంతమందిని చంపామో చూపించే అంకె తీసెయ్యమన్నాను.

“అంకె లేకపోతే ఆడేవాడికి బాగా ఆడుతున్నాడో లేదో ఎలా తెలుస్తాదే?” అంది.

న్యాయమైన ప్రశ్న. సాయంత్రం అంతా దానికి జవాబు వెతకడమే అయింది. సినిమాల నుంచి వచ్చిన గేములన్నీ బోర్డు మీద రాశాం. 1982లో అటారీకి ‘ఈ.టీ.’ గేమ్ వచ్చింది. దాన్ని చేసిన హోవర్డ్ స్కాట్ వార్షాకి దొరికింది దాదాపు ఐదు వారాలు. క్రిస్మస్ అమ్మకాలకి అందించాలని తొందర. అమ్ముడుపోని కార్ట్రిడ్జుల్ని న్యూమెక్సికోలో పూడ్చేశారు, 2014లో తవ్వి తీశారు. సినిమా పేరుంటే చాలు, ఆట ఎలా ఉన్నా ఫర్వాలేదనుకున్న రోజులవి.

బాగున్నవి చూస్తే ఒక పోలిక ఉంది. 2014లో వచ్చిన ‘ఏలియన్: ఐసొలేషన్’లో సినిమా హీరోయిన్ రిప్లే కాదు, ఆమె కూతురు అమాండా. 2023లో వచ్చిన ‘హాగ్వార్ట్స్ లెగసీ’ 1890లలో జరుగుతుంది, అందులో హ్యారీ ఇంకా పుట్టనే లేదు. మా క్లాసులో హ్యారీ పోటర్ చూస్తూ పెరిగినవాళ్లు ఆ కోట మెట్లు ఎక్కి దిగడానికే గంటలు గడిపారు. మనం ప్రేమించిన కథని మళ్లీ అప్పజెప్పకుండా, ఆ కథ జరిగిన లోకంలో మనకంటూ ఒక చోటు ఇచ్చినవే నిలబడ్డాయి.

తర్వాత లెక్కల సంగతి. పోలండ్‌కి చెందిన 11 బిట్ స్టూడియోస్ ‘దిస్ వార్ ఆఫ్ మైన్’లో యుద్ధం మధ్య చిక్కుకున్న మామూలు జనం బతకాలి, సైనికులుగా మనం ఉండం. టోబీ ఫాక్స్ ‘అండర్‌టేల్’లో ఎదుటివాళ్లని చంపకుండా వదిలేసే దారి మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది, ఆ గేమ్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి అది చెయ్యలేనిది కాదు.

వెళ్లేముందు తనే ఒక ఉపాయం చెప్పింది. “అంకె వద్దులే. కాపాడినోళ్లు నీ ఎనకాలే నడుస్తారు. ఎనక్కి తిరిగి చూసుకుంటే చాలు, ఎంతమందో తెలుస్తాది.” వాదనలో నా వైపు నుంచి నేను చెప్పిన అన్ని మాటల కంటే ఇది గొప్ప మాట.

12 నవంబరు, బుధవారం

మా కాలేజీ గురించి ఇవాళ గైడ్ సారు చెప్పిన సంగతి. రాజా కోడూరి ఇక్కడే, ఆంధ్రా యూనివర్సిటీలోనే ఎలక్ట్రానిక్స్ చదివారు. తర్వాత ఐఐటీ ఖరగ్‌పూర్. ఏటీఐ, యాపిల్, ఏఎండీ, ఇంటెల్... గ్రాఫిక్స్ చిప్‌ల చరిత్రలో సగం కంపెనీల్లో ఆయన పేరు వినబడుతుంది. ఆయన రాజమౌళి, సంగీత దర్శకుడు కీరవాణిల బంధువర్గంలో మనిషి. ఆయన రేడియాన్ విభాగం నడిపే రోజుల్లోనే ఏఎండీ, బాహుబలి తీసిన ఆర్కా మీడియా కలిసి ‘ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి’ అనే వీఆర్ పని మొదలుపెట్టాయి. తలకి అద్దాలు పెట్టుకుని మాహిష్మతిలో నిలబడడానికి.

మద్దిలపాలెంలో బస్సు దిగి నేను రోజూ నడిచే క్యాంపస్‌లోనే ఆయనా నడిచారు. నా ల్యాప్‌టాప్‌లో బందీల ముఖాల మీద వెలుగు లెక్కకట్టే చిప్‌కీ, ఆ వెలుగు నేను మొదట చూసిన సినిమాకీ మధ్య ఇంత దగ్గర చుట్టరికం ఉందని తెలిసి చాలాసేపు సంతోషం ఆగలేదు. ఈ పని ఎక్కడో దూరదేశంలో వేరేవాళ్లు చేసేదని ఇక మా జూనియర్లెవరూ అనుకోకూడదు. వాళ్లకి సెమినార్‌లో ఇది నేనే చెబుతాను.

ఇంకొకటి నిశ్చయించుకున్నాం. బందీల అరుపులు తెలుగులోనే. నేను ఆడిన పెద్ద గేముల్లో ఇంతవరకు ఒక్క తెలుగు మాట వినలేదు. “బాబూ, నా పిల్లని ముందు తియ్యి” అని ఒక ముసలమ్మ పిలిస్తే తాడు విసిరే చెయ్యి వణకాలి. కూర్మన్నపాలెం సంతలో కూరలమ్మే అమ్మమ్మని అడిగాను. ఆదివారం తర్వాత వస్తానంది.

16 నవంబరు, ఆదివారం

తొట్లకొండ వెళ్లొచ్చాం. గోడలకి ఫోటోలు కావాలి.

మాహిష్మతి పేరు మేం వాడకూడదు. క్లాసులో చూపించుకోవడం వరకు ఫర్వాలేదుగానీ, బయట పెట్టాలంటే ఆ పేర్లు, ఆ ముఖాలు హక్కుదారులవి. అందుకే మా రాజ్యం మా సొంతం కావాలని, మా ఊరి కొండకే వచ్చాం. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధారామం. ఒక పక్క భీమిలి రోడ్డు, దాని అవతల సముద్రం. వర్షపు నీరు నిలవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. తుపాను వాన వాటిలో ఇంకా మిగిలే ఉంది.

ఇటుకలు దగ్గర నుంచి తీశాను. మా సొంతింటికి కొన్న ఇటుకల కంటే వెడల్పు, పలచన. అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయి. ఒకదాని మీద నాచు, ఆ నాచులో చీమల బారు. కంప్యూటర్‌లో గోడ కడితే అన్ని ఇటుకలూ ఒకేలా వస్తాయి, చూడగానే అబద్ధమని తెలిసిపోతుంది. ఇక్కడ ఏ రెండూ ఒకేలా లేవు, ఎందుకంటే ప్రతిదీ ఒక మనిషి చేత్తో పెట్టింది.

కొండ దిగుతుంటే మొత్తం ఆట ఒక్కసారిగా కనబడింది. 2017 గేమ్‌లో నాకు నచ్చింది కట్టడం. సినిమాలో నాకు నచ్చింది కాపాడడం. ఈ రెండూ ఒకే ఆట. యుద్ధంలో నువ్వు కాపాడి తెచ్చిన మనుషులే తర్వాత ఊరు కట్టాలి. వాళ్లలో కమ్మరి ఉంటాడు, కుమ్మరి ఉంటాడు, నేతమ్మ ఉంటుంది, బావి తవ్వేవాడు ఉంటాడు. కమ్మరిని రథం కింద వదిలేసి వస్తే ఊరికి తలుపు గడియ ఉండదు. శత్రురాజుని తొందరగా చంపి, వెనక ఎవరూ లేకుండా తిరిగొస్తే సింహాసనం దొరుకుతుంది, కోట ఖాళీగా ఉంటుంది. గోడ ఎత్తడానికి చేతులుండవు. ఎవరూ శిక్ష వెయ్యనక్కర్లేదు, తెర మీద ఒక్క అంకె కూడా అక్కర్లేదు.

23 నవంబరు, ఆదివారం

మొదటిసారి ఇంకొకరి చేత ఆడించాం. నాన్న చేత.

బి షిఫ్ట్‌కి వెళ్లేముందు, స్నానం చేసి, లుంగీలోనే కూర్చున్నారు. కంట్రోలర్ చేతికిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఏది నొక్కితే ఏటవుతాది, ముందది సెప్పు” అన్నారు. గేమ్‌లో పక్కనున్న సైనికుడే చెబుతాడు నాన్నా అన్నాను. చెప్పాడు. నాన్న తాడు విసరడం నేర్చుకున్నారు.

శత్రురాజు ఎదురుగా, కొంచెం దూరంలో నిలబడి ఉన్నాడు. అందరూ అటు పరిగెడతారని మా అంచనా. నాన్న గుర్రాన్ని పక్కకి తిప్పి, తాళ్ల వరస చివరి నుంచి మొదలుపెట్టారు. ఒక్కొక్కరినీ దింపుతూ, ప్రతి నలుగురైదుగురికీ గుర్రం ఆపి వెనక్కి చూసుకుంటున్నారు. ముసలమ్మ పిలిచింది. గొంతు ఆ సంత అమ్మమ్మదే. నాన్న “వస్తన్నానే అమ్మా, వస్తన్నాను” అని తెరకి జవాబిచ్చారు. తమ్ముడు నవ్వబోయి నాన్న ముఖం చూసి ఊరుకున్నాడు.

ఈలోగా టైమర్ అయిపోయింది. రాజు తప్పించుకుపోయాడు. తెర మీద ‘ఓటమి’ అని పడింది.

“అదేటి?” అన్నారు నాన్న. “మనోళ్లందరూ వచ్చీసారు కదా?”

నేనూ నా స్నేహితురాలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆయన అడిగింది సరైన ప్రశ్న. మా నోటితో శివగామి లెక్క అంటూనే, లోపల కోడ్‌లో భల్లాలుడి గడియారం పెట్టుకున్నాం. అక్కడికక్కడే ఆ గడియారం తీసేశాం. ఇకపై రాజు పడిపోతే యుద్ధం ముగియదు, తప్పించుకున్నా ముగియదు. వరసలో చివరి మనిషి తాడు విడిపోయినప్పుడే ముగుస్తుంది. రాజు పారిపోతే మళ్లీ వస్తాడు. రానీ, అప్పటికి గోడ కట్టడానికి మనుషులుంటారు.

షిఫ్ట్ షూస్ వేసుకుంటూ నాన్న ఇంకో మాట అడిగారు, ఆ కమ్మరికి కొలిమి ఎక్కడ పెడతావని. గాలి వాటం చూసి ఊరికి కింది పక్కన పెట్టమన్నారు, పొగ ఇళ్ల మీదకి రాకుండా. రేపు మ్యాప్ మార్చాలి.

చిన్నప్పుడు ప్రేమించిన సినిమా నుంచి గేమ్ చేసేవాళ్లు సాధారణంగా హీరో కత్తిని మన చేతికిస్తారు. ఆ సినిమా మా తరానికి ఇచ్చింది కత్తి కాదు. గెలిచినవాడిని కాదని, మనుషుల్ని తెచ్చినవాడిని రాజుని చేసిన ఒక తల్లి తీర్పు. ఆడేవాళ్ల చేతికి దాన్ని ఇవ్వగలిగితే మా ప్రాజెక్టు పూర్తయినట్టు. మార్కులు ఎన్ని వచ్చినా సరే, ఆ టైమర్ తిరిగి పెట్టేది లేదు.